బట్టీ దర్శనము

ప్రతి కాలమునకును తన యాత్రలు తనకుండును. ఓరుగంటి ప్రాంతపు ప్రజలు రెండేండ్లకొకసారి మేడారము పోవుదురు. ఐనవోలు మల్లన్నను, కొమురవెల్లి మల్లన్నను కొలుతురు. చేతిలో పైకమున్నవారు కాశీ రామేశ్వరములు చూచివత్తురు. ఇప్పుడు మన విద్యావంతుల కుటుంబములలో మఱొక యాత్ర బయలుదేరినది. దానికి దేవుడు లేడు గాని తీర్థము మాత్రము కలదు. అది విస్కీ బట్టీ దర్శనము.

హనుమకొండ, కాజీపేట, వరంగల్లులలో బిడ్డలు సీమకో అమెరికాకో పోయి కొలువులు చేయుచున్న ఇండ్లు నేడు కొల్లలు. తల్లిదండ్రులు వారిని చూడబోవుదురు. బిడ్డలు వారికి లండను చూపుదురు, ఎడింబరో కోట చూపుదురు, మఱునాడు స్కాట్లండు కొండల నడుమనున్న విస్కీ బట్టీకి కొనిపోవుదురు. 2019లో ఆ దేశపు బట్టీలను చూడవచ్చినవారి సంఖ్య 20 లక్షలకు మించినది. అంత దూరము పోలేనివారికి గోవాలో పాల్ జాన్ వారి బట్టీ తలుపులు తెఱచియే యున్నవి. రుసుము కట్టవలెను. మార్గదర్శకుడు వెంట నడచి అంతయు వివరించును. కడపట చిన్న గ్లాసులలో మూడు నాలుగు రకముల విస్కీని రుచి చూపుదురు. ఇంటికి వచ్చిన పిమ్మట ఛాయాచిత్రములు బంధువులకు పంపుదురు. వేయిస్తంభముల గుడి ముందర నిలిచి తీయించుకొన్న చిత్రమునకున్న గౌరవమే రాగి బట్టీ ముందర నిలిచి తీయించుకొన్న చిత్రమునకును దక్కుచున్నది.

ఈ ఆచారమును తాగుబోతులు తెచ్చియున్నచో దీనిని గూర్చి వ్యాసము వ్రాయనక్కఱలేదు. తాగువానికి బట్టీతో పనిలేదు. వానికి దుకాణము చాలును. దీనిని తెచ్చినవారు చదువుకొన్నవారు, సంస్కారము కలవారు, తాగుడు తప్పని పిల్లలకు చెప్పువారు. వారు దీనిని చదువు పేరిటనే తెచ్చిరి. “మేము తాగబోలేదు, తెలిసికొనబోతిమి” అనునది వారి సమాధానము. కావున ఆ సమాధానమునే పరీక్షింతము. ఆ బట్టీలో తెలియున దేమి? తెలియని దేమి? ఆ తెలియనిదానిని మఱుగుపఱచుటయే ఈ దర్శనముయొక్క అసలు ప్రయోజనమని నా వాదము.

మొదట తెలియుదానిని న్యాయముగా చెప్పెదను. బార్లీ గింజలను నీట నానబెట్టి మొలకెత్తింతురు. మొలకెత్తునపుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చు శక్తి పుట్టును. మొలకలను వేడిగాలిలో ఆఱబెట్టుదురు. కొన్నిచోట్ల పీటు అను బురదనేల మట్టిని కాల్చి దాని పొగ పట్టింతురు. పిదప మరపట్టి వేడినీట కలిపి తీపినీరు తీయుదురు. ఈస్టు చేర్చి రెండు మూడు దినములు పులియబెట్టగా అది నూటికి ఎనిమిది పాళ్ల మద్యసారము గల ద్రవమగును. దానిని రాగి పాత్రలలో కాచి, ఆవిరిని చల్లార్చి, వచ్చినదానిని మఱల కాచుదురు. మొదటి ధార పనికిరాదు, కడపటి ధార పనికిరాదు. నడిమి ధారనే పట్టుదురు. దానిని ఓకు కఱ్ఱ పీపాలలో నింపి కనీసము 3 ఏండ్లు నిలువ చేయవలెనని స్కాట్లండు చట్టము. పేరుపడిన రకములు 12 ఏండ్లు, 18 ఏండ్లు నిలుచును. రంగును, వాసనలో చాల భాగమును ఆ కఱ్ఱనుండియే వచ్చును. ఇది నిజముగా నొక శిల్పము. ఓపిక, పరిశుభ్రత, లెక్క యను మూడును ఇందు కలవు. దానిని చూచి మెచ్చుకొన్నవానిని నేను నిందింపను.

ఐతే ఆ పీపాల కొట్టములో మార్గదర్శకుడు తప్పక చెప్పు మాట యొకటి కలదు. పీపాలోని సారము ఏటేట నూటికి రెండు పాళ్ల వఱకు గాలిలో కలిసిపోవును. దానిని వారు “దేవదూతల వాటా” అందురు. మన దేశపు ఎండకు ఆ వాటా అంతకు కొన్ని రెట్లు. వినువారు ముచ్చటపడి నవ్వుదురు. కాని ఆ లెక్కలో నొక వాటా విడిచిపెట్టిరి. సీసా బట్టీ దాటి, దుకాణము దాటి, ఇల్లు చేరిన పిమ్మట కూలి డబ్బులో నెంత ఆవిరియగును? బిడ్డ బడి రుసుములో నెంత? ఇల్లాలి మెడలోని పుస్తెలతాడులో నెంత? దేవదూతల వాటాను లెక్కకట్టినవారు ఇల్లాలి వాటాను లెక్కకట్టలేదు. దర్శనము పీపాల కొట్టమునుండి రుచి చూచు గదివైపు తిరుగును. తాగువాని యింటివైపు తిరుగదు.

ఇప్పుడు మన జిల్లాకు వత్తము. ఇక్కడి పల్లెలలో, తండాలలో, వాగుల వెంబడి గుడుంబా బట్టీలు పెట్టుట మన మెఱుగనిది కాదు. నల్లబెల్లమును నీట కరగించి, పటిక చేర్చి, కుండలలో పులియబెట్టుదురు. కుండమీద కుండ నిలిపి కాచి, ఆవిరిని చల్లార్చి సారా దించుదురు. పులియుట అదియే, కాగుట అదియే, ఆవిరి చల్లారుట అదియే. రాగి పాత్రకును మట్టికుండకును శాస్త్ర మొక్కటియే. ఐనను కుండ ముందర ఎవరును ఛాయాచిత్రము తీయించుకొనరు. ఆబ్కారీవారు వచ్చి బెల్లపు పానకము పారబోయుదురు, కుండలు పగులగొట్టుదురు, కాచిన పేదవానిమీద కేసు పెట్టుదురు.

గుడుంబాను నేను సమర్థించుట లేదు. అందు మొదటి ధారను విడదీయు ఎఱుక లేదు, కొలత లేదు, ఏమి కలిపిరో చెప్పు దిక్కు లేదు. దానిని అరికట్టుట మంచిదే. నా ప్రశ్న వేఱు. ఒకదానిని నేరమనియు, మఱొకదానిని కళ యనియు మన మనస్సులో తేల్చిన దేది? నాణ్యత యందురా? నాణ్యత వలన కల్తీ పోవును గాని మత్తు పోదు. మత్తు కలిగించు పదార్థము రెంటిలోను ఒక్కటియే. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే మద్యమును క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది. ఆరోగ్యమునకు చెఱుపు చేయని మద్యపు మోతాదు అనునది లేదని ప్రపంచారోగ్య సంస్థవారి ఐరోపా శాఖ 2023 జనవరిలో ప్రకటించినది. ఆ ప్రకటన 18 ఏండ్ల పీపాకు మినహాయింపు నీయలేదు.

శిల్పమును చూడవలెనను కోరికయే నిజమైనచో మన తాటివనములు ఎంత దూరము? గీత కార్మికుడు మోకు నడుమునకు తగిలించి, ముత్తాదు ఆసరాతో, నున్నని తాటిమ్రాను దినమునకు రెండు మూడు మాఱులు ఎక్కి దిగును. గెలను ఎంత సన్నముగా గీయవలెనో, ఏ ప్రొద్దున లొట్టి దింపవలెనో ఆతడు తండ్రి వద్ద నేర్చినాడు. జాఱి పడి నడుము విఱిగినవారు, ప్రాణములు విడిచినవారు ఎందఱో. కాటమయ్య రక్షణ కవచమను పేరిట చెట్టెక్కు సామగ్రిని ప్రభుత్వము ఆతని చేతికిచ్చుట 2024లో గాని మొదలు కాలేదు. పులియని నీరాను పట్టణవాసులకు పరిచయము చేయుటకై హైదరాబాదులో 2023లో నీరా కేఫు తెఱచిరి. ఈ శిల్పమును చూచుటకై రుసుము కట్టి పోయిన చదువుకొన్న కుటుంబములెన్ని? కల్లుముంతను గడప దాటనీయని యింటిలో విస్కీ సీసాకు అద్దాల బీరువా దొరకుచున్నది! ఇది మద్యము మీది అభిప్రాయము కాదు, మనుష్యుల మీది అభిప్రాయము. పేదవాడు తాగిన తాగుడు, కలవాడు తాగిన రసికత! సంస్కారమని మనము చెప్పుకొనునది ఇదేనా?

కల్లును పొగడుట నా యుద్దేశము కాదు. అందును మత్తుమందులు కలుపు దుర్మార్గము మన తెలంగాణమునకు తెలిసినదే. సమానమైన కొలతతో కొలువుడని మాత్రమే నేనడుగుచున్నాను.

ఇక మార్గదర్శకుడు చెప్పని రెండవ సంగతి. బట్టీలో బార్లీని చూచి వచ్చినవారు మన వీధి దుకాణములలోని విస్కీ యంతయు నట్లే పుట్టుననుకొందురు. అది నిజము కాదు. మన దేశమున విస్కీ పేరిట అమ్ముడుపోవుదానిలో అధికభాగము చెఱకు మడ్డినుండియో నూకలనుండియో తీసిన మద్యసారము. దానికి నీరు, రంగు, వాసన, కొంచెము మాల్టు సారము చేర్చి సీసాల కెత్తుదురు. చెఱకు మడ్డినుండి తీసినదానికి ఐరోపా సమాఖ్య నియమముల ప్రకారము విస్కీ యను పేరే చెల్లదు. అనగా మన దుకాణపు చౌక విస్కీయు, తండాలోని గుడుంబాయు తఱచు ఒకే చెఱకు తోట బిడ్డలు. ఒకటి సీసా ఎక్కినది, ఒకటి కుండలో మిగిలినది. బెంగుళూరు అమృత్ వారు బార్లీతో చేసిన విస్కీని 2004లో గ్లాస్గోలో ప్రవేశపెట్టి మెప్పు పొందిన మాట నిజమే. కాని ఆ మెప్పు ఎవరికి ఉపయోగపడుచున్నది? బార్లీ సంపాదించిన గౌరవమును చెఱకు మడ్డి అనుభవించుచున్నది. పెద్దలు బట్టీకి పోయి మెచ్చుకొన్న పేరును కూలివాడు క్వార్టరు సీసామీద చదువుకొనుచున్నాడు.

ఇందుచేతనే ఈ దర్శనమును నేను ప్రకటన యనుచున్నాను. టెలివిజనులో మద్యపు ప్రకటనలను 1994 నాటి కేబులు టెలివిజను నియమములు నిషేధించినవి. వ్యాపారులు అదే పేరిట సోడాలు, మంచినీళ్లు, సంగీతపు డిస్కులు ప్రకటించి ఆ నిషేధమును దాటజూచిరి. బట్టీ దర్శనము అంతకంటె నేర్పుగల ఉపాయము. ఇతర ప్రకటనలకు అమ్మువాడు సొమ్మిచ్చును. దీనికి కొనువాడే సొమ్మిచ్చును. ఇతర ప్రకటనలను జనులు సందేహించుచు చూతురు. దీనిని శ్రద్ధతో విని, ఇంటికి వచ్చి, తామే పదిమందికి చెప్పుదురు. మద్యపు వ్యాపారికి ఇంతకంటె విశ్వాసపాత్రుడైన జీతములేని ఉద్యోగి దొరకునా? బ్రిటనుతో 2025 జూలైలో సంతకమైన వాణిజ్య ఒప్పందములో స్కాచి విస్కీ మీది సుంకము నూటికి 150నుండి 75కును, పదేండ్లలో 40కిని తగ్గునట్లు ఏర్పాటైనది. సీసా వెల తగ్గిననాడు కొనువారు సిద్ధముగా నుండవలెను గదా! ఆ సిద్ధము చేయు పాఠశాలయే ఆ రుచి చూచు గది.

చదువు మాట వచ్చినది గనుక చదువునకు జరిగిన మఱొక ఉపయోగమును తలంతము. 1990 దరిదాపుల నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచినది. పగలంతయు కూలి చేసిన స్త్రీలు రాత్రి దీపము క్రింద అక్షరములు దిద్దిరి. వారి వాచకములో సారావలన చెడిన సంసారముయొక్క కథ యుండెను. అది తమ కథయేనని వారికి తోచెను. 1992లో దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నిలువగా, ఊరి సారా దుకాణమును మూయించిరి. ఊరినుండి ఊరికి ఆ పట్టుదల ప్రాకెను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. నాలుగు అక్షరములు వచ్చినంతనే ఆ స్త్రీలు దుకాణము మూయించిరి. పట్టములు పుచ్చుకొన్న మనము టిక్కెట్టు కొని బట్టీలోనికి పోవుచున్నాము. ఎవరి చదువు చదువు?

మనకంటె ముందటి సంస్కర్తలును ఈ విషయమున తడబడలేదు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కళాశాలలో పాఠము చెప్పినంత శ్రద్ధతో మద్యపానమును ఖండించిరి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు తమ జాతిజనుల విముక్తికి మద్యవిసర్జనము నొక మెట్టుగా నెంచిరి. చదువురాని పేదలు మద్యము మానుటకు చదువుకొన్నవారు మొదట దానికి గౌరవము మానవలెనని వారికి తెలియును.

ఇచ్చట ఆక్షేపణలు కొన్ని వచ్చును. “రుచి చూచుట తాగుట కాదు” అందురు. ఆ గదిలో ఇచ్చునది కొంచెమే. కాని అక్కడ నేర్పునది కొంచెము కాదు. ఎండుద్రాక్ష, తేనె, పొగ, యాలకులు అని మద్యమునకు పండ్లపేర్లు, పచారీ దుకాణపు పేర్లు పెట్టుట నేర్పుదురు. మద్యమును మద్యమనకుండ మాటలాడు భాష అది. పిల్లలకు గ్లాసు నీయరు, నిజమే. కాని గ్లాసు ముందర తండ్రి ముఖమున కనబడిన భక్తిని వారు చూతురు. అది వారికి మొదటి గుటక.

“మద్యము మన ఆచారములలోనే కలదు, దేవతలకు సాక పోయుటలేదా?” అని మఱికొందఱు. పోయుచున్నారు. సాకకు ఒక దినము కలదు, ఒక సందర్భము కలదు, ఊరందఱి కన్నులు దానిమీద కలవు. దుకాణమునకు దినము లేదు. బెల్టు దుకాణమునకు వేళయే లేదు. పండుగనాటి ఆచారమును చూపి ప్రతిదినపు వ్యాపారమును సమర్థించుట న్యాయము కాదు.

“స్త్రీలును రుచి చూచుచున్నారు, ఇది సమానత్వము” అని కొందఱు నవీనులు. పురుషుని హక్కులలో పంచుకొనదగినవి పెక్కులుండగా, ఆతని దౌర్బల్యమునే మొదట పంచుకొననేల?

“మద్యనిషేధము విఫలమైనది గదా” అనునది అన్నింటికంటె బలమైన ఆక్షేపణ. 1995లో వచ్చిన నిషేధమును 1997లో సడలించిరి. ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి దొంగతనముగా సరకు వచ్చెను, ఖజానాకు రాబడి తగ్గెను. నేను ఇప్పుడు చట్టమును కోరుట లేదు. చట్టము ఓడినంతమాత్రమున మద్యమునకు మంగళహారతి ఇయ్యవలెనా? దొంగతనమును చట్టము రూపుమాపలేదని దొంగకు పౌరసన్మానము చేయుచున్నామా? నిషేధమునకును పూజకును నడుమ చాల చోటున్నది. ఆ చోటున చదువుకొన్న గృహస్థులు నిలువవలెను.

ప్రభుత్వమా ఆ చోటున నిలుచునది కాదు. నిజాము కాలముననే ఆబ్కారీ ప్రధానమైన రాబడులలో నొకటి. నేటి ప్రజాప్రభుత్వములకును అంతే. మత్తు పానీయముల నిషేధమునకు ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచున్నది. తెలంగాణమున 2,620 మద్యపు దుకాణములకు 2023లో చీట్లు తీసినపుడు 1 లక్ష 31 వేలకు మించి దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్కదానికి తిరిగి ఈయని రుసుము 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకమునకు ముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరినది. 2025లో రుసుమును 3 లక్షలకు పెంచగా దరఖాస్తులు తగ్గినవి గాని రాబడి తగ్గలేదు. ఇంత రాబడి చూచిన ప్రభుత్వము మద్యమును విహారయాత్రల పట్టికలో చేర్చుటకు ఎంతకాలము సంకోచించును? రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వపు పట్టికకెక్కినది. యాత్రికులు మన జిల్లాలకు వచ్చుచున్నారు. రేపు ఎవరైనను గుడికిని చెఱువునకును నడుమ నొక విస్కీ బట్టీ దర్శనమును కలిపినచో, మనలో ఎందఱు కాదందురు? కాదనుటకు ముందే మన అద్దాల బీరువాలు అవుననియున్నవి గదా!

వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామములో మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీధులు తిరిగిరి. వారు పెద్ద నీతిమంతులు కారు. ఐనను నగరమును సగము చూచి ఊరకొనలేదు. గుడులను చూచిరి, పూటకూటి యిల్లు చూచిరి, వేశ్యవాడ చూచిరి. మద్యమును గూర్చి తెలిసికొనగోరు వారికిని అంతటి నిజాయితీ యుండవలెను. బట్టీని చూచితిరా? మంచిది. తరువాత బెల్టు దుకాణము చూడుడు. జీతపుదినమున దాని ముందర నిలిచినవారిని చూడుడు. నగరపు పెద్దాసుపత్రిలో కాలేయము చెడి పడియున్న ముప్పదియేండ్లవానిని, వాని మంచము ప్రక్క నేలమీద కూర్చున్న భార్యను చూడుడు. అప్పుడు గాని దర్శనము పూర్తి కాదు. అప్పుడు గాని “తెలిసికొనబోతిమి” అను మాట నిజము కాదు.

గృహస్థులు చేయవలసినది కష్టమైనది కాదు, ఖర్చైనది కాదు. ప్రయాణపు పట్టికనుండి బట్టీని తీసివేయుడు. విదేశమునుండి వచ్చు బిడ్డను సీసా తేవలదని ముందుగా చెప్పుడు. పెండ్లి దావతులలో మద్యపు బల్ల పెట్టని యింటిని పిసినారి యనక ధైర్యవంతుడనుడు. కల్లుముంతకును విస్కీ సీసాకును ఇంటిలో ఒక్కటే కొలత పెట్టుడు. తాగిన కూలివానిని చూచి ముక్కు మూసికొను ముందు మన బీరువావైపు ఒక్కసారి చూడుడు. దూబగుంట స్త్రీలు దుకాణము మూయించుటకు కఱ్ఱలు పట్టవలసి వచ్చినది. మనకు ఆ శ్రమయు లేదు. మన యింటి బీరువా తాళపుచెవి మన చేతిలోనే యున్నది.